ఆరిన కుంచె, తడి కుంచె

జానెడు ఎత్తు, మూరెడు పొడవు కాగితం మీద ఒక మేక, ఒక గొర్రె. నేల లేదు, గడ్డి లేదు, నీడ కూడా లేదు. చైనా చిత్రకారుడు జావో మెంగ్‌ఫూ (1254–1322) నల్లసిరాతో వేసిన ఈ బొమ్మను ఎంతసేపు చూసినా తనివి తీరదు.

ముందు మేకను చూడాలి. తల కిందికి వంచి ఉంటుంది. ఒంటి మీది బొచ్చంతా తడి దాదాపు ఆరిపోయిన కుంచెతో లాగిన సన్నటి, పొడుగాటి గీతలు. గీతకూ గీతకూ మధ్య వదిలిన కాగితపు తెలుపు కూడా బొచ్చులో భాగమే. గొర్రె దగ్గరికి వచ్చేసరికి చేతి తీరే మారిపోయింది. ఇక్కడ కుంచె నిండా తడి. బూడిదరంగు మచ్చలు ఒకదానిలోకి ఒకటి పాకి గుండ్రటి దేహాన్నీ, ఒత్తైన ఉన్నినీ కడతాయి. ఎత్తిన తలలో దర్పం తొణికిసలాడుతుంది. కాగితం మీద పడ్డ సిరాను చెరపలేం. మచ్చ ఎంతవరకు పాకుతుందో కుంచె ఆనకముందే చేతికి తెలిసుండాలి.

గుర్రాల్ని చాలా వేశాను గానీ గొర్రెల్ని వేయలేదనీ, మిత్రుడు అడిగితే ఎదురుగా చూసి సరదాకి వేశాననీ జావో పక్కనే రాసుకున్నాడు. ఆ సరదా మాటను అందరూ నమ్మలేదు. కారణం ఉంది. ఆయన చైనాను ఏలిన సోంగ్ రాజవంశ స్థాపకుడి సంతతివాడు. 1279లో మంగోలులు ఆ రాజ్యాన్ని తుడిచిపెట్టారు. ఏడెనిమిదేళ్లకే జావో కుబ్లయ్ ఖాన్ కొలువులో చేరాడు. వంశద్రోహి అన్న నింద ఆయన పోయాక కూడా పోలేదు. అందుకే కొందరు పండితులు ఈ జంతువుల్లో పాత హాన్ కాలపు ఇద్దర్ని చూశారు: ఉత్తరాది సంచారజాతి షియుంగ్నుల చెరలో 19 ఏళ్లు గొర్రెలు కాస్తూ లొంగని సూ వూ, లొంగిపోయిన సేనాని లీ లింగ్.

ఏది ఎవరన్న లెక్క కన్నా నన్ను పట్టి ఆపేది ఆ గీత. జావో సమకాలికుడు జెంగ్ సిషావో 1306లో ఒక ఆర్కిడ్‌ను మట్టి లేకుండా వేశాడు. మట్టిని పరాయివాళ్లు ఎత్తుకుపోయారని అన్నాడట. అది గొప్ప బొమ్మే, కానీ అందులోని నిరసన ఒక్క చూపుకే అందుతుంది. జావో దగ్గర రాజకీయం పనితనంలో కలిసిపోయింది. బొమ్మ గీయడం, అక్షరం రాయడం ఆయనకు ఒకే విద్య. దక్షిణ సోంగ్ ఆస్థానపు నున్నటి సొగసును వదిలి, అంతకు ముందుతరాల బిగువును వెతికాడు. రాజ్యం పోయాక చదువుకున్న చైనీయుడికి మిగిలిన ఆస్తి ఆ కుంచెపట్టే. దాన్ని ఆయన మంగోలు కొలువులో ఉండే నిలబెట్టాడు, తర్వాతి తరాలకు అందించాడు. దీన్ని నేను లొంగుబాటు అనలేను.

తర్వాత మరో పరాయి వంశం వచ్చింది. 18వ శతాబ్దంలో మంచూ చక్రవర్తి చియెన్‌లుంగ్ ఈ బొమ్మ మీద తన ముద్రలు కొట్టించుకున్నాడు. ఇప్పుడిది వాషింగ్టన్‌లోని ఫ్రీర్ మ్యూజియంలో ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగానే చూడొచ్చు. పెద్దది చేసుకుని, మేక బొచ్చు నుంచి గొర్రె ఉన్ని దాకా నెమ్మదిగా చూడండి.