సాక్ష్యంలో ఇమడని మాట

తణుకు అనగానే సాహిత్యం చదివేవాళ్లకి తిలక్ గుర్తొస్తాడు. ఇంకాస్త వెనక్కి వెళ్లేవాళ్లు నన్నయ యజ్ఞం చేసిన ఊరని చెబుతారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది డిసెంబరు 31 రాత్రి. చర్చిలో చాపల మీద ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు. పదకొండింటి దాకా పాటలు, వాక్యం. ఆ తర్వాత మైకు కిందికి దిగి జనం మధ్యకి వస్తుంది. ఏడాది పొడుగునా దేవుడు తమకేం చేశాడో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటారు. పన్నెండు కొట్టాక అందరికీ తలో వాగ్దానం కార్డు, కేకు ముక్క, టీ.

నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిన ఏడు మా అమ్మ చాలాసేపు సాక్ష్యం చెప్పింది. ఫీజు కట్టలేక గాజులు తాకట్టు పెట్టడం దగ్గర మొదలుపెట్టి, ఆఫర్ లెటర్ దగ్గర ఆపింది. జనం చప్పట్లు కొట్టారు. నేను సిగ్గుపడ్డాను గానీ, లోపల బాగానే ఉంది. మూడేళ్ల తర్వాత తమ్ముడు పోయాడు. రెండు కిడ్నీలూ పాడైపోయి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తిరిగి తిరిగి, ఎన్నో శుక్రవారాలు ఉపవాస ప్రార్థనలు చేయించుకుని, పోయాడు. ఆ డిసెంబరు 31న కూడా మైకు అమ్మ దగ్గరికి వచ్చింది. లేచి నిలబడింది. "దేవునికి స్తోత్రం" అంది. పక్కావిడకి మైకు ఇచ్చేసి కూర్చుంది.

ఇంటికొచ్చే దారిలో "ఏమీ చెప్పలేదేంటమ్మా?" అని అడిగాను.

"ఏం చెప్పమంటావ్ అమ్మాయ్? చివర్లో చెప్పడానికి ఏముంది?" అంది.

ఆ రోజు అది ఒక తల్లి దుఃఖంగానే వినిపించింది నాకు. ఇప్పుడు ఆలోచిస్తే అందులో మంచి విమర్శ కూడా ఉందనిపిస్తుంది. అమ్మ తన విశ్వాసం గురించి మాట్లాడలేదు. సాక్ష్యం అనే ప్రక్రియకి ఎలాంటి ముగింపు కావాలో చెప్పింది. ఆ ముగింపు తన దగ్గర లేదని చెప్పింది.

సాక్ష్యాన్ని ఒక ప్రక్రియగా చూసినవాళ్లు మనలో తక్కువ. కథ, కవిత, బుర్రకథ, హరికథ గురించి రాస్తాం. కోస్తా జిల్లాల్లో ప్రతి ఆదివారం వేలమంది నోట వినిపించే ఈ కథనరూపం మాత్రం మన కంటికి ఆనదు. ఆనినా మీమ్ చేసి నవ్వుకోవడానికే పనికొస్తుంది. మైకు పట్టుకుని ఏడుస్తున్న ఒకావిడ, వెనక కీబోర్డు, కింద వెటకారపు వ్యాఖ్యలు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు?

నవ్వే ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మా సంఘంలో ఎక్కువమంది పేటవాళ్లే. మా అమ్మమ్మ తరం ఆడవాళ్లకి "నేను" అని మొదలుపెట్టి నలుగురి ముందు తమ బతుకుని తామే చెప్పుకునే చోటు ఇంకెక్కడుంది? పంచాయతీలో లేదు. పొలం గట్టు మీద చెప్పుకున్నా అది నలుగురు ఆడవాళ్ల మధ్యే ఉండిపోతుంది. చర్చిలో మైకు చేతికొచ్చింది. మొగుడి తాగుడు, వడ్డీ వ్యాపారి గుమ్మంలో నిలబడటం, గర్భం పోవడం అన్నీ ఆ మైకులోకి వచ్చాయి. తెలుగులో దళిత స్త్రీల ఆత్మకథ గురించి మాట్లాడేటప్పుడు అచ్చయిన పుస్తకాలనే లెక్కపెడతాం. అచ్చు కాని ఆత్మకథలు ఈ కూడికల్లో ఎన్ని గాలిలో కలిసిపోయాయో!

ఇక లోపం సంగతి. సాక్ష్యానికి మూడు మెట్లు ఉంటాయి. మొదట శ్రమ, తర్వాత ప్రార్థన, ఆఖర్న విజయం. చివరి మెట్టు లేకపోతే మొదటి రెండింటినీ చెప్పడానికి వీల్లేదు. కష్టానికి అక్కడ సొంత విలువంటూ ఉండదు, రాబోయే జవాబుకి ముందుమాటగా మాత్రమే దాన్ని రానిస్తారు. జవాబు రాని ప్రార్థన ఉన్నవాళ్లు ఏడాదికేడాది నోరు మూసుకుని కూర్చుంటారు. లేకపోతే ఒక చిన్న జవాబుని వెతికి తెచ్చుకుని పెద్ద గాయం మీద కప్పుతారు. అలా కప్పుకున్న సాక్ష్యాలు విన్నాను నేను. ఆ గొంతులో తేడా తెలిసిపోతుంది.

చర్చి భాషలో "ఆత్మీయ ఎదుగుదల" అనే మాట ఒకటుంది. బయట తెలుగులో ఆత్మీయులంటే దగ్గరివాళ్లు. చర్చిలో ఆత్మీయమంటే ఆత్మకి సంబంధించింది. అలాగే "ఆదరణ". బయట సినిమాకి, పుస్తకానికి దొరుకుతుంది ఆదరణ. చర్చిలో అది ఓదార్పు. ఎవరైనా చనిపోయాక ఆ ఇంట్లో పెట్టేది ఆదరణ కూడిక. ఉద్యోగమొచ్చినా, ఇల్లు కట్టుకున్నా పెట్టేది కృతజ్ఞత కూడిక. జీవితపు ఎత్తుకి ఒకటి, పల్లానికి ఒకటి, రెండు కూడికలూ మా ఊళ్లో ఉన్నాయి. కానీ ఎదుగుదల గురించి మాట్లాడేది మాత్రం ఎప్పుడూ కృతజ్ఞత కూడికలోనే.

ఇది క్రైస్తవం నేర్పిందేనా? నేర్పిన పుస్తకం తీసి చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది.

యోబు గ్రంథాన్ని మన ప్రసంగాల్లో సాక్ష్యంలాగే చెబుతారు. ఉన్నవాడు, పోగొట్టుకున్నాడు, నిలబడ్డాడు, రెండింతలు పొందాడు. గ్రంథంలో ఉన్నవి 42 అధ్యాయాలు. ఈ కథంతా మొదటి రెండింటిలో, చివరిదాన్లో వచనంగా ఉంది. మధ్యలో ఉన్నదంతా దాదాపు పద్యమే. ఆ పద్యంలో యోబు పుట్టినరోజుని శపిస్తాడు, దేవుణ్ణి వ్యాజ్యానికి రమ్మంటాడు. అతని స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు దాదాపు మన వేదిక మీది భాషే మాట్లాడతారు: నీలో ఏదో లోపం ఉంది, దిద్దుకో, మళ్లీ ఆశీర్వాదం వస్తుంది. చివర్లో దేవుడు తప్పుపట్టింది యోబునే అయితే మన ప్రసంగాలకి సరిపోయేది. యోబుని గద్దించినా, తన గురించి సరిగా మాట్లాడలేదని కోపపడింది మాత్రం ఆ స్నేహితుల మీద. సరిగా మాట్లాడినవాడిగా లెక్కకొచ్చింది అంతసేపూ గొడవపడినవాడు.

ఆ ముగింపులో ఒక లెక్క కూడా ఉంది. గొర్రెలు ఏడువేలు పోతే పద్నాలుగు వేలు వచ్చాయి. ఒంటెలు, ఎడ్లు, గాడిదలు అన్నీ రెట్టింపే. పిల్లలు పదిమంది పోతే మళ్లీ పదిమందే పుట్టారు. దీనికి వ్యాఖ్యానాలు చాలా ఉన్నాయి. నేను మాత్రం మా అమ్మ పక్కన కూర్చుని చదివినప్పటి నుంచి దాన్ని ఒకలాగే చదువుతున్నాను: గొర్రెల్ని రెట్టింపు చేయొచ్చు గానీ, పోయిన బిడ్డ స్థానంలో ఇంకో బిడ్డ రాడు. ఆ మొదటి పదిమంది మాట కథకుడు మళ్లీ ఎత్తడు. కథ ఎంత అందంగా ముగిసినా ఆ పది ఖాళీలు అలాగే ఉన్నాయి.

దావీదు కీర్తనల పుస్తకంలో 150 ఉంటే, వాటిలో మొర పెట్టుకునేవి, ఫిర్యాదు చేసేవి ఎన్నో. చాలావాటిలో చివరికి స్తుతి వస్తుంది. హేమాను పేరుతో ఉన్న 88వ కీర్తనలో అది కూడా రాదు. చీకటి దగ్గర మొదలై చీకట్లోనే ఆగుతుంది. దాన్ని కూర్చినవాళ్లు తీసేయలేదు, ఆఖర్న ఒక ఓదార్పు చరణం అతికించలేదు. ఆ పుస్తకంలో దానికీ చోటుంది. మా డిసెంబరు 31 రాత్రిలో దానికి చోటు లేదు.

"అది హీబ్రూ సంప్రదాయం, మనది వేరు" అనడానికి కూడా లేదు. ఇంట్లో అట్ట ఊడిపోయిన "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" తీసి చూడండి. ప్రతి కీర్తన నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. పర్లాకిమిడి ప్రాంతం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌధరి (1803-1890) లాంటివాళ్లు కొత్త విశ్వాసాన్ని పాత తెలుగు భక్తి కీర్తన చట్రంలో పోశారు. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. విమర్శకులు పట్టించుకోవాల్సింది ఈ నిర్మాణాన్నే అనుకుంటాను. సాక్ష్యం గీతలా ముందుకి పోతుంది, వెనక్కి చూడదు. కీర్తన ప్రతి చరణం తర్వాత మొదటి మాట దగ్గరికే తిరిగొస్తుంది. అదే అడగడం, అదే బతిమాలడం. నాలుగో చరణం తర్వాత పాడే పల్లవి, మొదట పాడిన పల్లవి అక్షరాల్లో ఒకటే. పాడే మనిషి మాత్రం కాస్త మారి ఉంటుంది. ఎదుగుదల అంటే నాకు అర్థమైనంతలో ఇదే. పరిస్థితి మారకుండా అదే మాటని ఇంకోలా పలకగలగడం.

తెలుగు సాహిత్యంలో ఈ గీతకి లొంగని క్రైస్తవ జీవితం ఎక్కడుందని వెతికితే జాషువా కనిపిస్తాడు. ఆయన "క్రీస్తు చరిత్ర"కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అంతవరకే చెబితే సాక్ష్యానికి చక్కగా సరిపోతుంది. కానీ ఆ జీవితంలో ఊరు కులం పేరుతో బయట నిలబెట్టింది. క్రైస్తవుడివై ఉండి హిందూ పురాణాల జోలికి పోతావా అని సొంత మతంవాళ్లూ నిరసించారు. ఏ గుంపు వేదిక మీదా ఆయన కథ పూర్తిగా ఇమడదు. 1915-16 ప్రాంతాల్లో ఆయన రాజమండ్రిలో మూకీ సినిమాలకి వాచకుడుగా పనిచేశాడు. తెర మీద బొమ్మల పెదాలు కదులుతుంటే పక్కనుంచి వాటికి మాటలు చదవాలి. ఆ ఉద్యోగం గురించి చదివినప్పుడల్లా నాకు మా సంఘంలో ఆడవాళ్లు గుర్తొస్తారు. పెదాలు వీళ్లవి, వచ్చే మాటలు మాత్రం ముందే ఎవరో రాసిపెట్టినవి.

జి. కళ్యాణరావు "అంటరాని వసంతం" (2000) ఈ రాసిపెట్టిన మాటని పక్కకి నెట్టిన నవల. రూతు జ్ఞాపకాలుగా నడుస్తుంది. కరువు కాలంలో ఎన్నెలదిన్ని వదిలిన శివయ్య క్రైస్తవంలోకి వస్తాడు. మామూలు సాక్ష్యమైతే అక్కడ ఆగాలి. నవల ఆగదు. మతం మారినా కులం వెంటే వస్తుంది. పూర్వీకుల పాట, ఆట, వీధి భాగవతం కూడా వెంటే వస్తాయి. రూతు వాటన్నిటినీ పోగేసుకుంటుంది. గుర్తుపెట్టుకోవడమే ఆవిడ భక్తి అనిపిస్తుంది. నాకు ఈ నవల చాలా ఇష్టం. అయినా ఒక పేచీ ఉంది. తరాలు గడిచేకొద్దీ కథ సాయుధ పోరాటం వైపు నడుస్తుంది. అప్పటిదాకా పడ్డ బాధలన్నీ ఆ గమ్యానికి మెట్లుగా అమరిపోతాయి. దేవుడున్న చోట విప్లవం వచ్చింది గానీ శ్రమ, ఎదురుచూపు, విజయం అనే చట్రం దాదాపు అదే. చర్చి సాక్ష్యాన్ని చూసి నవ్వే మనం, మనకి నచ్చిన సాక్ష్యాల్లో ఆ చట్రాన్ని గుర్తుపట్టం. స్టార్టప్‌లో దెబ్బతిని లేచినవాడి పోస్టులోనూ, డిప్రెషన్ నుంచి బయటపడ్డ కవిత్వంలోనూ ఉన్నది అదే కదా. గెలిచాకే గాయం చూపించే హక్కు.

అందుకే ఇది ఒక్క చర్చి సమస్య అనుకోవడం లేదు. కథకి ముగింపు దొరికినవాళ్లనే మాట్లాడనిస్తే, దొరకనివాళ్ల అనుభవం భాషలోకే రాదు. భాషలోకి రానిదాన్ని పక్కవాళ్లు పంచుకోలేరు. తమ్ముడు పోయాక అమ్మ తక్కువ విశ్వాసంతో ఉందా, ఎక్కువ విశ్వాసంతో ఉందా? మాకెవరికీ తెలియదు. చెప్పడానికి వీలైన ప్రక్రియని మేం ఆవిడకి ఇవ్వలేదు.

ఇప్పుడు అమ్మ ఏం చేస్తుందో మాత్రం చెప్పగలను. మా పేటలోనో, గోస్తనీ కాలువ అవతలో ఎవరింట్లోనైనా చావు జరిగిందంటే వెళుతుంది. ఆదరణ కూడిక పెట్టేదాకా ఆగదు, ముందే వెళుతుంది. వంటింట్లో గిన్నెలు తోమి, టీ కాచి, ఆ ఇంటావిడ పక్కన కింద కూర్చుంటుంది. వాక్యం చెప్పదు. "దేవుడి చిత్తం" అని అనదు. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అడిగాను, "అక్కడ కూర్చుని ఏం మాట్లాడతావమ్మా?" అని.

"ఏం మాట్లాడతాం? వాళ్లు చెప్తే వింటాను. లేపోతే ఊరికే కూర్చుంటాను" అంది.

ఆ రాత్రి యోబు రెండో అధ్యాయం చివర మళ్లీ చదివాను. ఆ ముగ్గురు స్నేహితులూ వచ్చి, అతని బాధ చాలా ఎక్కువగా ఉందని చూసి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చున్నారు. ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన సరైన పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా పాడుచేశారు.

ఇది అమ్మ విజయం అని రాస్తే నేనూ ఆ చట్రంలోనే పడతాను. తమ్ముడి చొక్కాలు ఇంకా బీరువాలో అలాగే ఉన్నాయి. శుక్రవారం ఉపవాసం అమ్మ మానలేదు, దేనికోసమో చెప్పదు. మొన్న డిసెంబరు 31న కూడా మైకు వచ్చింది. అమ్మ లేచి, "దేవునికి స్తోత్రం" అని, పక్కావిడకి ఇచ్చేసి కూర్చుంది. ఈసారి నేనేమీ అడగలేదు. పక్కనే కూర్చున్నాను.