విరిగిన కొమ్మకు కడియం వైద్యం

కార్తీకంలో ఒక రాత్రి గాలివాన వచ్చి మా గేటు మీద కమానులా అల్లుకున్న కాగితంపూల చెట్టును నడిమికి చీల్చింది. సగం రోడ్డు మీద, సగం గోడ మీద. పొద్దున్నే పాలకోసం వచ్చిన పక్కింటాయన చూసి, "పీకించేయండి మాస్టారూ, కడియం వెళ్తే వందకో నూటయాభైకో బ్రహ్మాండమైన మొక్క వచ్చేస్తదండి" అన్నారు.

ఆయన మాటలో అబద్ధం లేదు. రాజమండ్రి చుట్టుపక్కల ఉన్నవాళ్లకు మొక్క కరువు లేదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి తూర్పు డెల్టాకు కాలవ నీళ్లు వచ్చాయి. కింద గోదావరి ఒండ్రు, పక్కన కాలవ, పైన హైవే. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక ఊళ్లు నర్సరీలైపోవడానికి ఇంకేం కావాలి? కానీ ఈ సుఖమే మనల్ని చెడగొట్టిందని నా అనుమానం. కొత్త మొక్క అంత సులువుగా దొరికే చోట విరిగిన చెట్టును బతికించాలన్న ఆలోచన రాదు. నూటయాభై రూపాయలకు మొక్క వస్తుంది, పదేళ్ల మాను రాదు. తమాషా ఏమిటంటే, ఆ మానును నిలబెట్టే విద్య కూడా కడియంలోనే ఉంది. మనం అక్కడికి కొనడానికి వెళ్తాం తప్ప చూడటానికి వెళ్లం.

నేను ఆ రోజు చూడటానికి వెళ్లాను. షేడ్‌నెట్ కింద ఒకావిడ వరసగా క్రోటన్లకు గాలి అంట్లు కడుతోంది. పెన్సిలంత లావు కొమ్మ, ఆకు కణుపుకు కాస్త కింద బ్లేడుతో చుట్టూ ఒక గీత, అంగుళం కింద ఇంకో గీత, మధ్యలో నిలువుగా ఒకటి. బొటనవేలితో తిప్పితే బెరడు ఉంగరంలా ఊడి వచ్చింది. ఇంతవరకూ మనకూ వస్తుంది. తర్వాత ఆవిడ బ్లేడు తిరగేసి, తెల్లగా బయటపడ్డ కర్రను మొండివైపుతో గీకింది.

"ఎందుకమ్మా మళ్లీ గీకడం?"

"జిగురు పోవాలండి. ఆ జిగురుంటే బెరడు మళ్లీ అతికేసుకుంటదండి, ఇక వేరెందుకు పోస్తదీ? ఆయ్."

పాఠ్యపుస్తకంలో రెండు పేజీలు పట్టే సంగతి అది. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు గుండా కిందికి దిగుతుంది, నీళ్లు లోపలి కర్ర గుండా పైకి ఎక్కుతాయి. ఉంగరం తీస్తే నీళ్లు ఆగవు, కొమ్మ ఎండదు. ఆహారం మాత్రం కోత పై అంచున ఆగిపోయి, అక్కడే వేరు మొలిపిస్తుంది. ఆ జిగురు పొర కొత్త బెరడును పుట్టించే పొర. అది మిగిలితే తెగిన దారి మళ్లీ కలుస్తుంది. గీకిన చోట ఆవిడ తడి కొబ్బరిపొట్టు పెట్టింది. అంతకుముందు దాన్ని పిడికిట్లో గట్టిగా పిండింది, చుక్క కారకూడదు, కారితే కుళ్లు. పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు చివరలా బిగించింది. మొత్తం రెండు నిమిషాలు పట్టలేదు.

వానాకాలంలో అయితే క్రోటన్‌కు నెలా నెలన్నరలో ప్లాస్టిక్ లోంచి వేళ్లు కనపడతాయి. తెల్లగా ఉన్నప్పుడు తొందరపడి కోయకూడదు. కాస్త గోధుమరంగుకు తిరిగాక కోసి, ఆకులు సగానికి తగ్గించి, కవర్లో పెట్టి రెండు మూడు వారాలు నీడలో ఉంచాలి. గాలికి వేలాడుతూ కూడా ఇంకా చెట్టును అంటిపెట్టుకున్న కొమ్మకు ఇది మంచి ఉపాయం. పూర్తిగా విడిపోయిన కొమ్మకు మాత్రం కటింగే గతి.

కాగితంపూలకు జానెడు ముదురు ముక్కలు చాలు. కింది కొన ఏటవాలుగా, పై కొన అడ్డంగా కోస్తారు. ఎందుకంటే వంద ముక్కలు గుట్ట పోశాక ఏది తలో ఏది కాలో తెలియదు. తలకిందులుగా నాటిన ముక్క మొండికేస్తుంది. నాటిన పదిహేను రోజులకు చిగురేసిందని సంబరపడి పీకి చూసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న తిండితో వచ్చింది, వేరు వెనకాల వస్తుంది. దేవగన్నేరుది ఇంకో తత్వం. విరిగిన కొమ్మను వెంటనే నాటితే కుళ్లిపోతుంది. పాలు ఆరేదాకా వారం పది రోజులు నీడలో పడేసి, ఆ తర్వాత ఇసక కలిపిన మట్టిలో పెట్టి నీళ్ల విషయంలో పిసినారిగా ఉండాలి.

ఇవన్నీ మనవాళ్లకు కొత్తవి కావు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. కొమ్మలు నాటడం, అంటుకట్టడం, పేడ పూయడం అందులో ఉన్నాయి. పేడ పూత దగ్గర మాత్రం నేను ఆయనతో ఏకీభవించను. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోయించి చూసి, 1977లో ఒక మాట తేల్చాడు: చెట్టు గాయాన్ని మాన్పుకోదు, కుళ్లిన భాగం చుట్టూ గోడ కట్టుకుని పక్కన కొత్త కర్ర పెంచుకుంటుంది. ఆ గోడ కొమ్మ మొదట్లో కంకణంలా ఉబ్బిన చోట బాగా కడుతుంది. కాబట్టి ఆ కంకణాన్ని కోయకూడదు, దానికి దూరంగా మోడూ వదలకూడదు. పెద్ద కొమ్మయితే మూడు కోతలు: ముందు కింది నుంచి కొంచెం, తర్వాత కాస్త బయటగా పై నుంచి, చివరికి కంకణం అంచున. మొదటి కోత మానేస్తే కొమ్మ పడుతూ పడుతూ మాను బెరడు కూడా ఒలుచుకుపోతుంది. పూత కన్నా కోసిన చోటే ముఖ్యం. మన వానలకు భయపడి పెద్ద గాయాలకు నేను బోర్డో పేస్టు రాస్తాను: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు.

కోసిన కొద్ది రోజులకు ఆ చోటు చుట్టూ గుంపుగా చిగుళ్లు లేస్తాయి. జానెడు పెరిగేదాకా ఆగి, వేర్వేరు దిక్కులకు పోయే మూడు నాలుగు ఉంచి మిగతావి బొటనవేలితో తుడిచేయాలి. కొత్త కొమ్మల పట్టు మొదట బలహీనం, కట్టు కావాలి. మొదటిసారి నేను రాగి తీగతో కట్టాను. ఏడాదికల్లా తీగ బెరడులోకి దిగి, ఆ కొమ్మ ఎండిపోయింది. ఇప్పుడు పాత సైకిల్ ట్యూబు ముక్కలు వాడుతున్నాను.

అన్ని చెట్లూ ఒకేలా తేరుకుంటాయనుకుంటే పొరపాటు. అరకేరియాను మనం క్రిస్మస్ చెట్టు అంటాం. దాని పక్క కొమ్మను వేరు పట్టించినా అది ఎన్నేళ్లయినా పక్కకే పాకుతుంది తప్ప నిలువుగా లేవదు. గులాబీ అంటు కింద విరిగితే మొలిచేది అడుగున ఉన్న వేరుమొక్కే, మీరు కొన్న పువ్వు కాదు. తాటి కుటుంబంలో ఒంటిమాను చెట్లకు అసలు రెండో అవకాశమే లేదు. ఈ సంగతి కోనసీమవాళ్లకు నేను చెప్పాలా? 1996 నవంబరు 6 తుపానులో లక్షల కొబ్బరిచెట్లు పోయాయి. మొవ్వు విరిగిన చెట్టుకు పక్క చిగురు రాదు. మీ ముంగిట్లో రాయల్ పామ్ మొవ్వు పోతే దిగులు పడకుండా తీయించేయండి.

మా కాగితంపూల చెట్టు విషయానికొస్తే, చీలిన సగాన్ని చీలిక మొదటిదాకా కోశాను. మిగిలిన సగం నుంచి రెండు కొమ్మలను గేటు మీదికి వంచి కట్టాను. రోడ్డు మీద పడ్డ భాగంలోంచి ముప్పై ముక్కలు నాటితే పంతొమ్మిది బతికాయి. పక్కింటాయనకు రెండు ఇచ్చాను.

ఈసారి గాలివాన వెలిశాక రంపం మనిషిని పిలిచే ముందు చెట్టు దగ్గరికి వెళ్లి బెరడును గోరుతో కొంచెం గీరి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే అది బతికే ఉంది.