అటక మీది ప్లేట్లు

తెలుగు ఇళ్లలో ఏళ్ల తరబడి అటకెక్కి ఉన్న గ్రామఫోన్ ప్లేట్లను కొందరు మళ్లీ దింపి వింటున్నారు. ఎందుకని అడిగితే ప్లేటు నాదంలో ఒక నిండుదనం ఉందంటారు. ఉండవచ్చు, అది చెవిని బట్టి మారే మాట. నా దృష్టిలో ఇంటి ప్లేట్లకు అంతకన్నా గట్టి విలువ ఉంది. తాళపత్రం సాహిత్యానికి ఎలాంటిదో, మన పాటకూ పద్యానికీ ఈ ప్లేటు అలాంటి మూలప్రతి.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటునే తీసుకుందాం. లక్కతో చేసిన ఆ పది అంగుళాల బిళ్ల మీద ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. రంగస్థలం మీద పద్యం చివర రాగం ఎంతసేపైనా సాగేది, జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదలయ్యేది. ప్లేటు దగ్గర ఆ వెసులుబాటు లేదు. ఎత్తుగడ రెండు మూడు సంగతుల్లో తేల్చాలి, ఏ పాదం దగ్గర నిలవాలో ముందే నిర్ణయించుకోవాలి. అందుకే ఆ కొద్ది నిమిషాల్లో గాయకుడు ఏది ముఖ్యమనుకున్నాడో స్పష్టంగా వినిపిస్తుంది. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పద్యాలు ఘంటసాల గొంతులో ఇంటింటికీ చేరింది ప్లేట్ల వల్లనే. టంగుటూరి సూర్యకుమారి పాడిన ‘మా తెలుగు తల్లికి’ ఊరూరా మోగిందీ అలాగే. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే వినైల్ ఎల్పీ వచ్చాక ఒక వైపే ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికింది. 1974లో ఘంటసాల కన్నుమూశాక విడుదలైన ‘భగవద్గీత’లో శ్లోకం, వెంటనే తెలుగు తాత్పర్యం అన్న నింపాది నడక ఆ చోటు వల్ల కుదిరిందే.

ఇవన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి కదా అని అడగవచ్చు. చాలా ఉన్నాయి, కానీ ఏది ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పేవి తక్కువ. తొలి టాకీల రోజుల్లో సినిమాలో వినిపించే పాట వేరు, ప్లేటు కోసం కుదించి మళ్లీ పాడిన పాట వేరు కావడం మామూలే. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ రీళ్లే మనకు మిగల్లేదు. అలాంటి కాలానికి సంబంధించి ఎవరింట్లోనో పడివున్న ప్లేటే ఏకైక సాక్ష్యం కావచ్చు. పైగా పాత ప్లేట్లన్నీ కచ్చితంగా 78 చుట్లకే రికార్డయినవి కావు. వేగం సరిచూడకుండా ఎక్కించిన పాటలో శ్రుతి మారుతుంది, గొంతు సన్నబడుతుంది. గరగర తీసేయాలన్న ఆత్రంలో తంబురా నాదాన్నీ ఊడ్చేసిన కాపీలున్నాయి. వాటిని వినడం నాకు బాధగా ఉంటుంది.

వింటే ప్లేటు అరుగుతుందన్న అభ్యంతరం మాత్రం నిజమైనదే. పాత సౌండ్‌బాక్సు బరువుకు, మార్చకుండా వాడిన ఉక్కు ముల్లుకు గాడి పాడవుతుంది. అయితే తేలికైన పికప్‌తో, సరైన ముల్లుతో వింటే ఆ అరుగుదల చాలా తక్కువ. 78 ప్లేటు గాడి వెడల్పు, దానికి సుమారు 75 మైక్రాన్ల ముల్లు కావాలి. ఎల్పీకి వాడే 25 మైక్రాన్ల ముల్లు పెడితే అది గాడి అడుగున చేరి గరగరనే పట్టి ఇస్తుంది. శుభ్రం చేయడంలోనూ తేడా ఉంది. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి 78 ప్లేటుకు అది తగలకూడదు. లేబుల్ తడవకుండా, కాస్త సబ్బు కలిపిన నీళ్లతో మెత్తని గుడ్డతో గాడి వెంట తుడిచి వెంటనే ఆరబెట్టాలి. లక్క ప్లేటు పడితే పగులుతుంది, వినైల్ ఎండకు వంగుతుంది. అందుకే ఏదైనా నిలువుగా, చల్లని చోట ఉంచాలి. అటక ఈ రెంటికీ అనువైన చోటు కాదు.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు మొదటి కాపీని ఏ శుద్ధీ చేయకుండా గరగరతో సహా దాచాలి, శుద్ధి ఏదైనా దాని నకలు మీదే చేయాలి. ప్లేటునూ పారేయకూడదు, రేపు ఇంతకన్నా మంచి పరికరం రావచ్చు. ప్లేటు రెండు వైపులా ఉన్న లేబుళ్లకు ఫొటో తీసి, పక్కన నల్లటి భాగంలో అచ్చొత్తిన మ్యాట్రిక్స్ నంబరు రాసిపెట్టుకోవాలి. లేబుల్ చిరిగిపోయినా ఆ నంబరు చెరగదు. పాడింది ఎవరో, ఎప్పుడో కంపెనీ కేటలాగుతో పోల్చి తేల్చడానికి అదే ఆధారం.