ముందుపళ్ళు

ట్రంపెట్‌కి ఉన్న మీటలు మూడే. ఒక్కటీ నొక్కకుండా, పెదవుల బిగువు మార్చుకుంటూ అరడజను స్వరాలు పలికించవచ్చు. ఆ పెదవులకు వెనక దన్ను ముందుపళ్ళు. ఏళ్ళ తరబడి వాయిస్తే పై పెదవి మీద గుండ్రటి అచ్చు పడిపోతుంది. మన పెళ్ళి బ్యాండుల్లో ట్రంపెట్ ఊదేవాళ్ళ మూతి మీద కూడా అది కనిపిస్తుంది.

న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన డిక్సీల్యాండ్ జాజ్‌లో ఈ మూతికి విశ్రాంతి తక్కువ. క్లారినెట్ పైపైన అల్లుకుపోతుంది, ట్రాంబోన్ కింద జారుతూ నడుస్తుంది. పాట వరసను మోసేది ట్రంపెట్ ఒక్కటే. డాన్సు హాళ్ళలో రాత్రుళ్ళు రాత్రుళ్ళు అలా మోసిన మనిషి పళ్ళు పోతే ఏమవుతాడు? ఈ సంగీతకారుల గురించి చదివినప్పుడల్లా నాకు కలిగే బెంగ ఇదే.

కింగ్ ఆలివర్ వాయించింది ట్రంపెట్‌కు తోబుట్టువైన కార్నెట్. 1922లో కుర్రవాడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను షికాగో పిలిపించుకుని తన పక్కన నిలబెట్టుకున్న గురువు ఆయన. చిగుళ్ళ జబ్బు ఆయన వాద్యాన్ని తినేసింది. చివరికి సవానా ఊళ్ళో ఒక పూల్ హాల్లో ఊడ్చే పని చేస్తూ 1938లో పోయాడు.

ట్రంపెట్ వాద్యగాడు బంక్ జాన్సన్ దారి వేరు. 1931లో లూయిసియానాలోని రేన్ అనే ఊళ్ళో డాన్సు నడుస్తుండగా, ఆయన వాయిస్తున్న బ్యాండు నాయకుడు ఎవాన్ థామస్‌ను వేదిక మీదే పొడిచి చంపారు. ఆ గొడవలో బంక్ ట్రంపెట్ నుజ్జయింది. పళ్ళూ ఆ రోజుల్లోనే పోయాయి. న్యూ ఐబీరియాలో చెరకు పొలాల పనికీ, లారీ తోలడానికీ వెళ్ళి బతికాడు. 1939లో వచ్చిన ‘జాజ్‌మెన్’ పుస్తకం కోసం వివరాలు సేకరిస్తున్నవాళ్ళకు పాత వాద్యగాళ్ళు ఆయన పేరు చెప్పారు. వాళ్ళు ఉత్తరం రాస్తే, ఆయన కోరినవి రెండే: పళ్ళు, ఒక ట్రంపెట్. అభిమానులు డబ్బు పోగుచేశారు. క్లారినెట్ విద్వాంసుడు సిడ్నీ బెషేకు అన్న అయిన లియోనార్డ్ దంతవైద్యుడు, బంక్‌కు పళ్ళు కట్టింది ఆయనే.

ఆర్మ్‌స్ట్రాంగ్‌కు నేర్పింది తానేనని బంక్ చెప్పుకునేవాడు. వయసు కూడా పదేళ్ళు పెంచి చెప్పాడని పరిశోధకులంటారు. నాకవేవీ పట్టవు. 1942లో న్యూ ఆర్లీన్స్‌లో ఆయన రికార్డులిచ్చాడు. వరస అక్కడక్కడా తడబడుతుంది, ఊపిరి తెలుస్తుంది, అయినా పాట నడక చెదరదు. ఆ చేతిలో విద్య ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్ళూ ఆయనకు లేనివి పళ్ళూ, వాద్యమూ. 1949లో కన్నుమూసేదాకా ఆ రెండో జీవితం ఆయనకు దక్కింది.

మీ ఊళ్ళో సన్నాయి గానీ ట్రంపెట్ గానీ వాయించే పెద్దాయన ఉంటే, శాలువా కప్పేముందు ఆయన పళ్ళెలా ఉన్నాయో అడగండి. ఆ సన్మానం ఖర్చు దంతవైద్యుడికి కట్టండి.