ఎదురుగాలిలో భువనగిరి దాకా

సైకిలు మీద దూరం పోవాలనుకునేవాళ్లకు మన దగ్గర ఉన్నది ఒక్కటే కాలం. కార్తీకంతో మొదలై కీసరగుట్ట శివరాత్రి జాతరతో ముగుస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు ఊరికే అనలేదు. తొక్కేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో సుమారు నాలుగో వంతే చక్రానికి చేరుతుంది, మిగతాదంతా వేడి. ఏప్రిల్లో ఆ వేడిని వదిలించుకోవడానికే ఒళ్లు అలిసిపోతుంది. డిసెంబరు తెల్లవారుజామున ఆ పని చల్లగాలి చేసిపెడుతుంది, కాళ్ల బలం దూరానికి మిగులుతుంది.

బోయిగూడ నుంచి పొద్దు పొడవక ముందే బయల్దేరాలి. టింబర్ డిపోల షట్టర్లు అప్పటికి ఇంకా లేవవు. మెట్టుగూడ, మల్కాజిగిరి, నేరేడ్‌మెట్, ఈసీఐఎల్, నాగారం... ఇదంతా గబగబా దాటేయాల్సిన దారి. కీసర దగ్గర ఔటర్ రింగు రోడ్డు దాటాకే నాకు ప్రయాణం మొదలైనట్టు. అక్కణ్నుంచి బొమ్మలరామారం మీదుగా భువనగిరి. రానూపోనూ వంద కిలోమీటర్ల పైమాటే. ఘట్‌కేసర్, బీబీనగర్ మీదుగా వరంగల్ హైవే పడితే తొందరగా చేరొచ్చు, కానీ నేనా దారి పట్టను. కిలోమీటరు రాయి నెత్తిన పసుపు రంగుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ ఉంటే పల్లె రోడ్డు. ఒంటరిగా తొక్కేవాడు నారింజ రాయి ఎక్కడుందో వెతుక్కోవాలి. పాల క్యాన్లు కట్టుకున్న బండ్లు, గీత కార్మికుల మోపెడ్లు, అప్పుడప్పుడూ ఓ ట్రాక్టరు తప్ప అక్కడ వెనక నుంచి తరిమేవాళ్లుండరు.

ఆ రోడ్డు మీద చలి అంతటా ఒక్క తీరుగా ఉండదు. చెరువు కట్ట దిగగానే చెవులు, వేళ్ల కొసలు జివ్వుమంటాయి. గడ్డ మీదికెక్కితే కాస్త నయం. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. యాసంగి నారుమళ్లు ఉండేదీ ఎక్కువగా ఆ పల్లంలోనే. చలికి నారు పసుపుబారి ఎదగదు. అందుకని రాత్రిళ్లు మడి మీద పట్టా కప్పి, తెల్లారాక చల్లబడిన నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పెడతారు. నేల లోపల్నుంచి వచ్చే బోరు నీళ్లు అంత చలిలోనూ గోరువెచ్చగా ఉంటాయి, పైపు మూతి దగ్గర సన్నగా ఆవిరి లేస్తుంది. సైకిలాపి ఆ ధార కింద వేళ్లు పెడితే బ్రేకు పట్టే బలం తిరిగొస్తుంది. అట్లా నిలబడ్డప్పుడే ఒకావిడ మడి గట్టు మీద నుంచి, "గింత చలిల ఒక్కడివే ఏడికి పోతున్నవ్ బిడ్డా?" అని అడిగింది. భువనగిరికంటే, "బస్సు లేదా?" అంది. ఉందమ్మా అన్నాను.

ఒక్కడినే ఎందుకంటే, గుంపులో వేగం మనది కాదు. ముందువాడి వెనక దాక్కుంటే గాలి దెబ్బ బాగా తగ్గుతుంది, నిజమే. కానీ అలుపు ఎక్కడ మొదలైందో, ఎంత దాచుకోవాలో ఒంటికి తెలియదు. చలికాలంలో మనకు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. భువనగిరి మనకు తూర్పున ఉంది. అంటే పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెన్నుగాలి. తెల్లవారుజామున నేల చల్లగా ఉన్నంతసేపూ గాలి పడుకునే ఉంటుంది, ఎండ ముదిరేకొద్దీ లేస్తుంది. గాలికి ఎదురెళ్లే వేగం రెట్టింపైతే దాని అడ్డు నాలుగింతలవుతుంది కాబట్టి పంతానికి పోతే ఓడేది మన మోకాళ్లే. గేరు తగ్గించి, పక్కన మనిషి ఉంటే మాట్లాడగలిగేంత ఊపిరి మిగుల్చుకుంటూ తొక్కాలి. మొదటి గంటలో మిగిల్చిందే ఆఖరి గంటలో అక్కరకొస్తుంది.

ఈ పొదుపునే పద్ధతిగా మార్చినవాళ్లు రాండొన్యూర్లు. 1891లో తొలిసారి జరిగిన పారిస్–బ్రెస్ట్–పారిస్ మొదట్లో పందెమే. ఇవాళ అది 1200 కిలోమీటర్లను 90 గంటల్లో పూర్తిచేసే ప్రయాణం. మన ఊళ్లో హైదరాబాద్ రాండొన్యూర్స్ నడిపే బ్రెవేలు, అంటే గడువు పెట్టిన దూర ప్రయాణాలదీ అదే దారి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కు 40 గంటలు. మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు. వెంట బండి రాకూడదు, పంక్చరైతే ఎవరిది వాళ్లే వేసుకోవాలి. నాకు ఈ నియమమంటే ఎంతో గౌరవం. మన రోడ్లమీద పంక్చర్ అంటే ముప్పాతిక వంతు సర్కారు తుమ్మ ముల్లే. ట్యూబు మార్చే ముందు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడమాలి. విరిగిన ముల్లు మొన అక్కడే ఉంటే కొత్త ట్యూబు కూడా కిలోమీటరు దాటదు.

చలిలో దాహం తెలియదు, అయినా నీళ్లు తాగుతూ ఉండాలి. జేబులో పల్లీపట్టీ ఉండాలి. చొక్కా కింద ఛాతీకి అడ్డంగా ఓ దినపత్రిక మడిచి పెట్టుకుంటే గాలి లోపలికి రాదు. కొండలు దిగే ముందు టూర్ డి ఫ్రాన్స్ రైడర్లు పాటించిన పద్ధతే ఇది.

బొమ్మలరామారం దాటి ఇంకాస్త పోయాక భువనగిరి బండ కనబడుతుంది. చాళుక్య త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడు కోట కట్టించిన ఏకశిల అది. దాన్ని చూస్తూ తొక్కడం ఈ దారిలో నాకు అన్నిటికంటే ఇష్టం. ఎంత తొక్కినా దగ్గరికి రానట్టే ఉండి, ఓ మలుపు తిరగ్గానే నెత్తిమీద ఉంటుంది. కోకాపేట వైపు సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. మంచి పని, ఒంటికి వ్యాయామం దొరుకుతుంది. నారుమడి, బోరుధార, బండ మాత్రం దొరకవు.

రోడ్లు వేసేవాళ్లకు ఒక విన్నపం. ఈ పల్లె రోడ్ల మీద తారు మీద తారు వేసుకుంటూ పోవడంతో రోడ్డు అంచుకూ పక్క మట్టికీ మధ్య చాలాచోట్ల జానెడు ఎత్తు తేడా వచ్చింది. ఎదురుగా లారీ వస్తే సైకిలు దిగాల్సింది ఆ గోతిలోకే. నాలాంటివాళ్లం ఆదివారం ఒక్కపూటే తిరుగుతాం, బడిపిల్లలు రోజూ తిరుగుతారు. కొత్త తారు పోసిన ప్రతిసారీ ఆ అంచుల్లో మొరం నింపి, చదును చేసి పోండి.