పాల్ సైమన్ 'సెవెన్ సామ్స్': మకుట విచారము

జానపదగేయ పునరుజ్జీవన కాలమున గాయకుడై, 1964 నుండి ఆల్బములు వెలయించుచు వచ్చిన అమెరికా కవి పాల్ సైమన్, 2018లో వీడ్కోలు యాత్ర ముగించిన పిదప, తన 81వ యేట, 2023 మే 19న 'సెవెన్ సామ్స్' అను కృతిని ప్రకటించెను. సామ్ అనగా హీబ్రూ పవిత్రగ్రంథమందలి కీర్తన. ఏడు భాగములు తెంపు లేక 33 నిమిషములు సాగు ఈ కృతి భక్తిరచన యగునా, కాదా యనునదే ఇట మా విచారణీయాంశము.

దీనికి మూలము 2019 జనవరి 15 నాటి స్వప్నమని కవియే చెప్పియున్నాడు. ఆ మాటను మేము ప్రమాణముగా గైకొనుట లేదు, రచనయే ప్రమాణము.

ప్రథమభాగమైన 'ది లార్డ్' తక్కిన భాగముల నడుమ మరల మరల వినవచ్చును. దీనిని మన శతకములందలి మకుటముతో పోల్చవచ్చును. కాని భేద మొకటి కలదు. శతకమున మకుటము మారదు. పద్యమెట్లు తిరిగినను తుదకచటికే చేరును. సైమన్ మకుటమున సంబోధ్యుని రూపమే మారుచుండును. ఆశ్రయమిచ్చువాడును ఆతడే, మహమ్మారియు, పొంగెత్తు సముద్రమును ఆతడే. మన కాసుల పురుషోత్తమకవి 'ఆంధ్రనాయక శతకము'న దైవమును నిందించినను దైవము కలడనుటను శంకింపలేదు. నిందాస్తుతికి నమ్మకమే పునాది. సైమన్‌కు ఆ పునాది లేదు. కావుననే ఇది స్తోత్రము కాదని కొందరనవచ్చును.

ఈ యాక్షేపణను మేమంగీకరింపజాలము. హీబ్రూ కీర్తనలు 150లో విలాపములు పెక్కు కలవు. 22వ కీర్తన దైవము తన్ను విడనాడెనను ఆక్రందనతోనే ఆరంభమగుచున్నది. సమాధానము రాకున్నను పిలుపు మానకుండుటయే ఆ ప్రక్రియకు ప్రాణము. సైమన్ మకుటమును మార్చుచున్నాడే గాని విడుచుట లేదు. ఆ పునరావృత్తియే ఆతని ఉపాసన.

లోపము లేకపోలేదు. మూడవ భాగమగు 'మై ప్రొఫెషనల్ ఒపీనియన్'న బ్లూస్ ఫక్కిలోని పరిహాసము రసభంగము కలిగించుచున్నది. కాని గిటారు ప్రధానమైన మితవాద్యములు, వోచెస్ 8 అను బ్రిటిష్ గాయకబృందపు కంఠములు ఆ కొరతను పెక్కువరకు మాపినవి.

తుదిభాగమగు 'వెయిట్'న మృత్యువును క్షణకాలము ఆగుమని వేడు వృద్ధుని స్వరమునకు భార్య ఎడీ బ్రికెల్ స్వరము ఊరట పలుకును. ఇట దైవమునకు మారుగా మనిషియే బదులిచ్చుచున్నది. రచనాకాలముననే సైమన్ ఎడమచెవి వినికిడి దాదాపు పూర్తిగా పోయినది. అయినను 2025లో ఆతడు తిరిగి యాత్రకు వెడలి ఈ కృతిని వేదికలపై ఆసాంతము గానము చేసెను.

విశ్వాసము కలవానికే భక్తిగేయము సాధ్యమను నియమమును ఈ కృతి సడలించుచున్నది. సంశయించుచునే పిలుచుటయు భక్తియే యని మా నిర్ణయము.