దిద్దుబాటులోని జ్ఞానం: క్షేత్ర ఖగోళశాస్త్రం, వైమానిక ఫోటోగ్రామెట్రీ బోధనపై ఒక విమర్శ

ఉన్నత సర్వేయింగ్ పాఠ్యగ్రంథాలలో క్షేత్ర ఖగోళశాస్త్రాన్ని గతించిన విద్యగాను, వైమానిక ఫోటోగ్రామెట్రీని ఆధునిక సాంకేతికతగాను పరిగణించడం పరిపాటి. ఈ విభజన రెండింటికీ ఉమ్మడిదైన ప్రశ్నను మరుగుపరుస్తున్నది: కొలతలో తలెత్తిన తేడా దేనిని సూచిస్తుంది?

భారత మహా త్రికోణమితి సర్వేలో కల్యాణ్‌పూర్, కలియానా కేంద్రాల అక్షాంశ భేదం నేలపై కొలతల ప్రకారం ఒకటిగా, నక్షత్ర పరిశీలన ప్రకారం మరొకటిగా తేలింది. రెండింటి మధ్య తేడా 5.236 కోణ సెకన్లు; నేలపై సుమారు 160 మీటర్లు. హిమాలయాల ఆకర్షణ వల్ల గుండుదారం ఒరిగి ఉంటుందని ప్రాట్ లెక్కించగా 15.885 సెకన్లు రావలసి ఉన్నది. ఈ వైరుధ్యానికి ఎయిరీ 1855లో, పర్వతాల అడుగున సాంద్రత తక్కువైన పదార్థం ఉన్నదని సమాధానం చెప్పాడు. దోషంగా తోచినదే భూగర్భ నిర్మాణానికి ఆధారమైంది.

వైమానిక ఛాయాచిత్రంలోనూ ఇదే న్యాయం. 1,000 మీటర్ల ఎత్తు నుంచి తీసిన నిలువు చిత్రంలో, కేంద్రానికి 10 సెంటీమీటర్ల దూరాన కనిపించే 20 మీటర్ల కట్టడపు శిఖరం 2 మిల్లీమీటర్లు వెలుపలికి జరుగుతుంది. పటానికి అది దోషం. ఎత్తును కొలిచేవారికి అదే ఆధారం.

దిద్దుబాటును కేవలం సూత్రంగా వల్లె వేయించే బోధన ఈ జ్ఞానాన్ని విద్యార్థికి దూరం చేస్తున్నది. తేడాను తొలగించే ముందు దాని కారణాన్ని ప్రశ్నించడం నేర్పినప్పుడే ఈ రెండు అధ్యాయాలు ఒకే శాస్త్రంగా బోధపడతాయి.